మూడో పేజీ

“సాయిబు గారు ఆనాడే చెప్పారు.”

బెజవాడ పటమటలో మా వీధిన పుట్టి ఈ మాట వినకుండా పెరిగిన పిల్లవాడు లేడు. 1969లో మా నాన్నా బాబాయీ ఇల్లు పంచుకున్నప్పుడు పంపకం దస్తావేజు రాసింది ఆయనే. మాది తాతగారు కట్టించిన పెంకుటిల్లు. నడవ మధ్యగా గోడ లేపి, తూర్పు సగం బాబాయికి, పడమటి సగం నాన్నకు అనుకున్నారు. తాపీవాళ్ళు దారం పట్టిన రోజున ఆయన గొడుగు మడిచి ఇటుకల దొంతర మీద కూర్చుని, “గోడ కట్టినంత మాత్రాన తగువు ఆగదు, ఈ గోడ అవతల ఇంకో గోడ లేస్తుంది” అన్నాడట. పదిహేడేళ్ళు తిరిగేసరికి, 1986లో, బాబాయి కొడుకులిద్దరూ మాటా మాటా అనుకుని వాళ్ళ సగాన్ని ముందు ముక్క, వెనక ముక్క చేసుకున్నారు. అప్పటినుంచీ ఆయన మా వీధికి ఉత్త దస్తావేజు లేఖరి కాదు, రాబోయేది చెప్పగల మనిషి. పొలం పంపకమైనా పెళ్ళి సంబంధమైనా ఒకసారి ఆయన చెవిన వేసి గానీ ముందుకు వెళ్ళేవాళ్ళు కాదు.

మా అమ్మని ఆయన చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆ వరసన నాకు మావయ్య. నేను ఆయనకు అల్లుణ్ణి.

సోషల్ మాస్టారిగా జిల్లా అంతా తిరిగి, 2018 ఆగస్టులో రిటైరయ్యాను. పదో తరగతికి దేశ విభజన పాఠం చెప్పిన ప్రతి ఏడూ మా ఇంటి గోడ కథతోనే మొదలుపెట్టాను. గోడ కట్టాక అవతల ఇంకో గోడ లేచిందని చెబితే, పాకిస్తాన్ రెండు ముక్కలై 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ ఎలా పుట్టిందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేకుండా తలకెక్కేది. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఉన్నది నా మాటల్లో నలభై నిమిషాలు నడిచేది. పిల్లలు చెవులప్పగించి వినేవాళ్ళు.

రిటైరైన మూడు నెలలకు ఒక బడివాళ్ళు పిలిచారు. నవంబరు 11 జాతీయ విద్యా దినోత్సవం. 1888లో ఆ రోజున మక్కాలో పుట్టిన మౌలానా అబుల్ కలాం ఆజాద్, స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి. ఆయన పేరు మీద 2008 నుంచీ ఆ రోజును జరుపుతున్నారు. నాకు ఆజాద్ అంటే మొదటినుంచీ గురి. ఆయన కన్నుమూసిన 1958లోనే నేను పుట్టాను. మా ఇంట్లో నాకు ప్రాణప్రదమైన చోటు నడవలోని పుస్తకాల అలమర. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, గోడలోకి దిగి ఉంటుంది. ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు, ఉమ్మడి గోడలో అప్పటికే ఉన్న ఖాళీని ఆసరా చేసుకుని, వెనక ఒక్క వరస ఇటుక పేర్పించి, టేకు చెక్కతో అరలు కొట్టించాను. అది 1992, ఆజాద్‌కు ఆయన పోయిన ముప్పై నాలుగేళ్ళకు భారతరత్న ఇచ్చిన సంవత్సరం. ఆ అలమరలో మొదట పెట్టిన పుస్తకం ఆయన ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దుకాణంలో కొన్నది.

ఆ అలమర ముందు పడక్కుర్చీ వేసుకుని ఉపన్యాసం రాసుకుంటుంటే, ఒక పాత విద్యార్థి నుంచి ఫోనుకి ఒక వ్యాసం వచ్చింది. 1946 ఏప్రిల్‌లో లాహోర్ పాత్రికేయుడు షోరిష్ కాశ్మీరీకి ఆజాద్ ఇచ్చినదని చెప్పే ఇంటర్వ్యూ అది. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. పాకిస్తాన్ ఇంకా పుట్టలేదు. అందులో ఆజాద్ దాని జాతకం మొత్తం చెప్పేశాడు. తూర్పు బెంగాల్ పడమటి వాళ్ళ పెత్తనాన్ని ఎక్కువ కాలం భరించదు, విడిపోతుంది. చేతకాని నాయకుల వల్ల అధికారం సైన్యం చేతికి పోతుంది. విదేశాల అప్పు మెడకు చుట్టుకుంటుంది. పొరుగువాళ్ళతో స్నేహం ఉండదు, యుద్ధాలు రావచ్చు. కొత్తగా డబ్బు చేసినవాళ్ళు దేశాన్ని దోస్తారు. యువకులు మతం మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. ఒక్కటీ తప్పలేదనిపించింది. ఉపన్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? ఒకవైపు మా సాయిబు మావయ్య జోస్యం, ఇంకోవైపు మౌలానా జోస్యం. రెండూ పక్కపక్కన పెడితే సభ లేచి నిలబడుతుంది.

ఉర్దూ మూలం ఎలా ఉంటుందో మావయ్యని అడిగి, రెండు మాటలు ఆ భాషలోనే చెబితే బాగుంటుందనుకుని, దీపావళి ముందు శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వెళ్ళాను.

ఆయనకప్పుడు ఎనభై ఏడు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో మనవడు కంప్యూటరు మీద దస్తావేజులు కొడుతుంటాడు. ఆయన పక్కన చెక్క బల్ల మీద కూర్చుని ప్రతి ప్రింటూ ఒకసారి చదివి గానీ పార్టీ చేతికి ఇవ్వనివ్వడు. చదివే పద్ధతి చూసి తీరాలి. కుడి చేతి చూపుడు వేలు అక్షరాల కింద నడుస్తుంది. హద్దుల దగ్గరికి రాగానే వేలు ఆగుతుంది. తూర్పు ఫలానావారి స్థలం, దక్షిణం పంచాయతీ రోడ్డు అని పెదవులు కదుపుతాడు. తల తిప్పకుండానే, “ఇక్కడ దారి హక్కు రాయలేదు, ఈ వెనక వాటావాడు ఆకాశంలో నడుస్తాడా?” అంటాడు. మనవడు మారుమాట్లాడకుండా మళ్ళీ కొడతాడు. ఆ వేలి గోరు మీద యాభై ఏళ్ళ సిరా మచ్చ ఇంకా నీలంగా ఉంది.

ఫోనులో వ్యాసం పెద్ద అక్షరాలు చేసి ఇచ్చాను. ఇంగ్లీషు మెల్లగా చదువుతాడు, కానీ చదువుతాడు. మొత్తం అయ్యేదాకా నేను టీ తెప్పించి కూర్చున్నాను. ఫోను నా చేతిలో పెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“బాగా చెప్పాడు. ఆయనే చెప్పాడా?”

“అదేంటి మావయ్యా, పేరుంది, నెల ఉంది.”

“పేరు, నెల ఎవరైనా వేస్తారు అల్లుడూ. నా దగ్గరికి కాగితం వస్తే నేను మూడు చూస్తాను. ఎప్పుడు రాశారు? ఎవరి ముందు రాశారు? ఇన్నాళ్ళూ ఎవరి దగ్గర ఉంది? ఇది ఎవరి ముందు అన్నాడు?”

“షోరిష్ కాశ్మీరీ ముందు.”

“ఇద్దరే. మూడో మనిషి?”

లేడు. ఆ విషయం నాకూ తెలుసు. షోరిష్ 1975లో పోయాడు. మన చేతికొచ్చిన పాఠం ఆయన ఆజాద్ మీద రాసిన ఉర్దూ పుస్తకంలోది. అది లాహోర్‌లో అచ్చయ్యేసరికి బంగ్లాదేశ్ పుట్టి చాలా ఏళ్ళయింది. ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ దాన్ని ఇంగ్లీషు చేశాక ఇక్కడ చేతులు మారుతూ తిరుగుతోంది. అది నిజంగా 1946 నాటి మాటేనా, జరిగినదంతా చూశాక పూర్తి చేసిన మాటా అని అడిగినవాళ్ళు ఉన్నారు, అడుగుతూనే ఉన్నారు.

“దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోపు రిజిస్టరుకు తేవాలి. చట్టం అది” అన్నాడు మావయ్య. “1946లో రాసిన కాగితం 1971 దాటాక తెచ్చి, ఇందులో 1971 సంగతి ఉంది చూడండి అంటే ఏ రిజిస్ట్రారు ముద్ర వేస్తాడు? నేను అబద్ధం అనడం లేదు. ముద్ర పడదు అంటున్నాను.”

నాకు కష్టమనిపించింది. ఆజాద్‌ని ఆయన తక్కువ చేస్తాడని నేను అనుకోలేదు. ఆయన బల్ల సొరుగులో ఆజాద్ ‘గుబారె ఖాతిర్’ ఉంటుంది. 1942 నుంచి మూడేళ్ళు అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నప్పుడు గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి, తాను కాచుకునే మల్లెల వాసన చాయ్ గురించి ఆజాద్ రాసుకున్న ఉత్తరాలు అవి. అట్ట ఊడిపోతే మావయ్య స్టాంపు పేపరు కవరుతో కుట్టించుకున్నాడు. 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదు మెట్ల మీదినుంచి, ఎక్కడికి పారిపోతున్నారు, ఇది మీ నేల కాదా అని ఆజాద్ ముస్లింలను నిలదీసిన ఉపన్యాసం ఉర్దూ పత్రికలో వస్తే, పదహారేళ్ళ కుర్రాడిగా దాన్ని ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించింది ఈయనే. వాళ్ళ నాన్న ఆ రాత్రే, సికింద్రాబాద్ వెళ్ళి అటునుంచి అటు పోదామన్న తమ్ముడి పెట్టెకు తాళం వేశాడట. ఆ కుటుంబంలో ఒక్కరూ కదల్లేదు.

“మరి ఆజాద్‌కు ముందుచూపు లేదంటావా మావయ్యా?”

“లేదని ఎవరన్నారు? రిజిస్టరైన కాగితాలు వేరే ఉన్నాయిగా, అవి తీసుకో.”

ఉన్నాయి. నేను వరసగా చెప్పాను, ఆయన వేలు మడుస్తూ విన్నాడు. 1940 మార్చిలో రాంగఢ్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా, పదకొండు వందల ఏళ్ళ ఉమ్మడి బతుకు హిందూ ముస్లింలను ఒక్క జాతిని చేసిందని చెప్పాడు. అది చెప్పిన కొద్దిరోజులకే లాహోర్‌లో ముస్లిం లీగు వేరు రాజ్యాల తీర్మానం చేసింది. 1946 ఏప్రిల్ 15న పత్రికలకు బహిరంగ ప్రకటన ఇచ్చాడు. పవిత్ర స్థలమని ఒక ముక్కకు పేరు పెడితే మిగిలిన నేలంతా అపవిత్రమనా అని అడిగాడు. పాకిస్తాన్ పథకం వల్ల ముందుగా నష్టపోయేది ముస్లింలేనని లెక్క వేసి చూపించాడు. ఇక ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’. ఆయన ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో రాశాడు. ఆజాద్ పోయిన ఏడాదికి, 1959 జనవరిలో అచ్చయింది. మతం ఒక్కటైనంత మాత్రాన నేల, భాష, ఆచారం వేరైన తూర్పు పడమర పాకిస్తాన్‌లు ఒక్క జాతిగా నిలవగలవని ఎవరూ ఆశపెట్టుకోలేరని అందులో స్పష్టంగా ఉంది. బంగ్లాదేశ్‌కు పన్నెండేళ్ళ ముందు అచ్చులో ఉన్న మాట.

“ఇది గట్టి కాగితం” అన్నాడు. “తేదీ ఉంది, రాసినవాడున్నాడు. ఆ ముప్పై పేజీలు?”

అవీ ఆయనకు తెలుసు. అప్పుడే బయటపెట్టడం ఇష్టం లేక ఆజాద్ ఆ పుస్తకంలో ముప్పై పేజీలు సీలు వేయించి, ఒక ప్రతి ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఒకటి కలకత్తా జాతీయ గ్రంథాలయంలో పెట్టించాడు. ముప్పై ఏళ్ళకు తీయమన్నాడు. 1988లో తీశారు. ఏం జోస్యాలు బయటపడతాయోనని దేశమంతా చూసింది. అందులో ఉన్నది ఎక్కువగా తోటివాళ్ళ గురించి, తన గురించి మొహమాటం లేని మాటలు. 1946లో కాంగ్రెస్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకుని జవహర్‌లాల్ పేరు చెప్పడం తన రాజకీయ జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు కావచ్చునని ఒప్పుకున్న మనిషి ఆయన.

“ముప్పై ఏళ్ళు దాటిన దస్తావేజు ఉండాల్సిన చోటి నుంచి వస్తే కోర్టు సాక్షుల్ని అడక్కుండానే నమ్ముతుంది అల్లుడూ. ఆయన దాచుకున్నది తన తప్పు. గొప్ప కాదు. అందుకే నాకు ఆయనంటే అంత ఇది.” కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నాడు. “సరే, ఆయన చెప్పిన ఇంకో జోస్యం ఉంది. అది మీ ఉపన్యాసాల్లో రాదు.”

“ఏది?”

“1947 జూన్.”

నాకు తెలుసు. తెలిసీ ఏ ఏడూ పిల్లలకు చెప్పలేదు. ఆ జూన్ 14, 15 తేదీల్లో ఢిల్లీలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుని విభజనకు ఒప్పుకుంది. గోవింద వల్లభ పంత్ తీర్మానం పెట్టాడు. ఇరవై తొమ్మిది మంది కాదన్నారు. ఆ సభలో ఆజాద్, ఈ చీలిక దేశపటం మీదే గానీ మనుషుల గుండెల్లో లేదని, ఇది ఎక్కువ కాలం నిలిచేది కాదని నమ్మకంగా చెప్పాడు. వి.పి. మీనన్ రాసిన అధికార బదిలీ చరిత్రలో ఆ మాట ఉంది. ఆ పుస్తకం 1957లో, ఆజాద్ బతికుండగానే వచ్చింది. దానికి ముందు విభజనకు ఒప్పుకున్న కాంగ్రెస్ కార్యవర్గ సమావేశంలో కూర్చున్న సోషలిస్టు నాయకుడు లోహియా మాత్రం తర్వాత 1960లో, ఆ సమావేశం జరిగిన రెండు రోజులూ మౌలానా ఒక మూల కుర్చీలో సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ నోరు విప్పలేదని రాశాడు. విభజనకు కారకులెవరని వెతుకుతూ, ఆజాద్ పుస్తకం మీద కోపంతో రాసిన పుస్తకం అది.

“లోహియా చెప్పింది వేరే గది సంగతి, ఈ మాటకు కాగితం ఉంది” అన్నాడు మావయ్య. “చూడు మరి. నిజమైన మాట ఒక్కడే విన్నాడు, ఆ ఒక్కడూ పోయాడు. తప్పిన మాట నిండు సభలో చెప్పాడు. నువ్వు ఏది పట్టుకున్నావు?”

“తప్పిన మాట ఎందుకు మావయ్యా పిల్లలకి?”

ఆయన నా వైపు కాకుండా, మనవడి ప్రింటరులోంచి జారుతున్న కాగితం వైపు చూస్తూ అన్నాడు. “విడిపోతారు అనే మాట నిజం కావడానికి మనం ఏమీ చెయ్యక్కర్లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నా నిజమవుతుంది. కలుస్తారు అన్న మాట అలా కాదు. ఎవరో ఒకరు లేచి నడవాలి. ఆయన ఆ మాట మనల్ని నమ్మి అన్నాడు. ఇదే బెజవాడలో 1921లో గాంధీగారు వచ్చినప్పుడు మా నాన్న నీళ్ళ కావడి మోశాడు. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చేసి చూపించారు. ఎరుపొకటి, ఆకుపచ్చొకటి. ఇద్దరికీ రెండు రంగులు. అంతలో గాంధీగారు మిగిలినవాళ్ళందరికీ తెలుపు కూడా ఉండాలన్నారు. ఎన్ని రంగులైనా గుడ్డ మాత్రం ఒక్కటేరా అని మా నాన్న చచ్చేదాకా చెప్పాడు. ఆ గుడ్డ చూసినవాళ్ళకి అలాంటి నమ్మకం రాక ఏమొస్తుంది?”

వీధిలో దీపావళి సామాన్ల బండి గంట కొట్టుకుంటూ పోయింది. నేను చివరి ఆయుధం తీశాను.

“జోస్యాలు నమ్మనంటావు. మరి మా ఇంటి సంగతి? గోడ అవతల ఇంకో గోడ లేస్తుందని నువ్వే అన్నావుగా!”

“నేనా?”

“ఊరంతా చెబుతుంది.”

“ఊరు చెబుతుంది. నేను అన్లేదు.” ఆయన గొంతులో తడబాటు లేదు. “1986లో మీ బాబాయి కొడుకులు పంపకం రాయించుకోవడానికి ఇక్కడికే, ఈ షెడ్డులోకే వచ్చారు. మీ నాన్న కూడా వచ్చాడు. పిల్లలు అలా కొట్టుకుంటుంటే ఆయన తట్టుకోలేకపోయాడు. ‘సాయిబు గారు ఆనాడే చెప్పారు, గోడ కడితే ఇంకో గోడ లేస్తుందని’ అన్నాడు. పదిమంది ఉన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆ చూపులో ఎంత గౌరవం ఉందో! నేను అవునన్లేదు, కాదనలేదు. ఆ మౌనం నా తప్పే. ముప్పై రెండేళ్ళయింది, ఇవాళ నీకు చెబుతున్నాను. నువ్వు అడిగావు కాబట్టి.”

నాకు నోట మాట రాలేదు. ఎన్ని తరగతి గదులు, ఎంతమంది పిల్లలు!

“ఆ రోజు నేను అన్నది వేరే మాట. ఇటుకల మీద కూర్చున్నమాట నిజమే. మీ నాన్నా బాబాయీ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. నువ్వు, మీ పిన్ని కొడుకులు ఇసక కుప్పలో ఆడుకుంటున్నారు. మీ చేతులు చూపించి చెప్పాను. ఈ గోడ ఈ పిల్లలు పెద్దయ్యేదాకా ఉండదు, వీళ్ళే తీసేస్తారు అని. సాక్షులున్నారు. మీ అమ్మ ఉంది, మీ పిన్ని ఉంది. మాటతో వదల్లేదు, కాగితంలో కూడా ఎక్కించాను. మీ నాన్న వద్దన్నాడు, మీ బాబాయి వద్దన్నాడు. ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేసి రాశాను. నా మొత్తం రాతలో నేను అడుక్కుని రాసిన వాక్యం అదొక్కటే.” ఆగి, చాలా మెల్లగా అడిగాడు. “వాకిలి ఉందా అల్లుడూ?”

“ఏ వాకిలి మావయ్యా?”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మనవడి చేతిలో కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు. “ఇంటికెళ్ళి దస్తావేజు చూడు. మూడో పేజీ.”

మా ఇంటి దస్తావేజు అమ్మ ట్రంకు పెట్టెలో పసుపు గుడ్డలో ఉంటుంది. నాన్న పోయినప్పుడు పేరు మార్పుకి దాని నకలు పెట్టానే గానీ ఆ కాగితం విప్పి చదివింది లేదు. ఎందుకు చదువుతాం? హద్దులు తెలిసినవే, గోడ ఎదురుగా ఉన్నదే. పేజీలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. మావయ్య చేతిరాత ముత్యాల్లా ఉంది. మూడో పేజీలో ఏ వాటా, బి వాటా కొలతలు అయ్యాక ఉంది.

“నడవ మధ్య ఉభయుల ఖర్చులతో కట్టబడు గోడయందు మూడు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తున వాకిలి ఒకటి విడువవలెను. ఇది ఉభయుల రాకపోకల నిమిత్తము. దీనిని ఉభయులలో ఎవరు గాని, వారి వారసులు గాని ఎన్నటికిని మూయరాదు.”

మూడు, ఆరు. ఆ అంకెల మీద వేలు పెట్టి కూర్చుండిపోయాను. చిన్నప్పుడు ఆ వాకిట్లోంచి పిన్ని గోరుముద్దలు పట్టుకుని వచ్చేది. నాన్నకీ బాబాయికీ మళ్ళీ పెద్ద గొడవైన ఏడు అటువైపు నుంచి ఎవరో అడ్డంగా చెక్కలు కొట్టారు. ఆ చెక్కల సందులోంచి తేళ్ళు వస్తున్నాయని మా ఆవిడ అంటే... ఖాళీని ఆసరా చేసుకున్నాను అని పైన రాశాను కదా.

లేచి నడవలోకి వెళ్ళాను. ఒక్కొక్క అరలోంచి పుస్తకాలు దించాను. కింది అర, దానిపైది, ఆజాద్ ఉన్న మధ్య అర. దించినవన్నీ నేల మీద గుట్టగా పేరుకున్నాయి. వెనక పలక ఊడదీస్తే సిమెంటు పూత కనిపించింది. తడి ఆరకముందు మేకుతో గీసిన అక్షరాలు. 12-4-1992. కింద నా సంతకం. మేస్త్రీ నవ్వుతూ, పెట్టండి మాస్టారూ, మీ అలమర కదా అన్నాడు అప్పుడు. తేదీ ఉంది. సంతకం ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.

అరచేయి ఆనించాను. ఒంటి వరస ఇటుక. మా పెంకుటింట్లో ఆ గోడ వాసాల దాకా ఉండదు, పైన మూరెడు ఖాళీ. అటు పిన్ని కంచం కడిగినా, టీవీలో సీరియల్ పెట్టినా ఇటు వినిపిస్తుంది. బాబాయి పోయాడు. కొడుకులిద్దరూ వాటాలకు తాళాలు వేసి ఊళ్ళు వెళ్ళారు. ముందు గదిలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. పండక్కి వీధి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వెళ్ళి పలకరించి రావడమే మా రాకపోకలు. మొన్న ఉగాదికి అది కూడా కుదర్లేదు.

పూత గట్టిదనం చూద్దామని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను.

అటు టీవీ ఆగింది. చెప్పులీడుస్తున్న చప్పుడు గోడ దాకా వచ్చి నిలిచింది. ఎనభై దాటిన గొంతు, వాసాల మీదుగా.

“అబ్బాయ్... వాకిలి తీస్తున్నావా?”